ఒంటికన్ను గురువుగారికి పెట్టిన బొట్టు

ఆ కాలంలో మా బాడాలో ఎనిమిది కాపురాలకు కలిపి కుళాయి ఒకటే, టీవీ ఒకటే. రెండింటి దగ్గరా వరుస తప్పకుండా నిలబడడం మాకు ఎవరూ నేర్పకుండానే అబ్బింది. (బాడా అంటే ఒకే వాకిలి చుట్టూ వరసగా కట్టిన అద్దె గదులు, రాయ్‌పూర్‌లో, తెలీబంధా చెరువుకు ఇవతల, మాది అలాంటి ఒక వాకిలి.) ఇప్పుడు లెక్క వేస్తే లేనివే ఎక్కువ కనిపిస్తాయి గానీ, లేవని ఏడ్చిన రోజు ఒక్కటీ గుర్తు రాదు. దేవుడు నాకు జ్ఞాపకశక్తిని కాస్త తగ్గించి ఇచ్చాడో, తృప్తిని కాస్త ఎక్కువ ఇచ్చాడో తెలియదు. ఏది ఇచ్చినా ఆయనకు దణ్ణం. అయితే ఆ రోజుల్లో నేను చేసిన ఒక ఘనకార్యం మాత్రం ఎంత మరిచిపోదామన్నా మరుపు రాదు. ఒక దొంగను పట్టుకుని గురువును చేసి, ఏడాది పాటు వాకిలంతటి చేత దణ్ణాలు పెట్టించాను.

నాకు ఏడేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. "గుండెకు పట్టకుండా జాగ్రత్తగా చూసుకోండి" అని డాక్టరుగారు అన్న మాటను మా నాయనమ్మ "బడికి పంపకండి" అని అర్థం చేసుకుంది. జ్వరం పోయి ఆరేళ్ళయినా ఆ అర్థాన్ని మార్చుకోలేదు. అందుచేత అమ్మ లెక్కలూ, నాన్న హిందీ, నాయనమ్మ తెలుగూ చెప్పేవారు. నాయనమ్మ పాఠంలో అక్షరాల కంటే స్తోత్రాలు ఎక్కువ. చదువుకు లోటు లేదు గానీ స్నేహితులకు లోటు. బాడాలో పిల్లలందరూ పొద్దున్నే జడలకు రిబ్బన్లు కట్టుకుని బడికి పోతే, నేను గుమ్మంలో కూర్చుని వాళ్ళ వీపుల మీద సంచులు లెక్కపెట్టేదాన్ని. మూడు గంటలకు వాళ్ళు తిరిగి వచ్చి, అన్నాలు తిని, మా వరండాలో చాప మీద చేరేవారు. నేను కథ చెప్పాలి, వాళ్ళు వినాలి. నాకున్న బడి ఆ చాపే. కథ బాగా లేకపోతే రేపు ఎవరూ రారేమోనని ప్రతి రోజూ రెండున్నరకల్లా చాప దులిపి పరిచి, గుమ్మం వైపు చూస్తూ ఉండేదాన్ని.

నాయనమ్మ చెప్పిన కథలు అయిపోయాయి, అమ్మ చెప్పినవి అయిపోయాయి, నేను కల్పించినవి వాళ్ళే అయిపోగొట్టారు. సరిగ్గా అప్పుడు భగవంతుడు జపాను నుంచి ఒక మనిషిని పంపాడు. నాన్న ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. అక్కడ ఏదో మిషను బిగించడానికి వచ్చిన జపాను ఇంజనీరు మూడు నెలలున్నాడు. నాన్న క్యారేజీలో పులిహోర రుచి చూసిన రోజు నుంచి నాన్నను వదల్లేదు. వెళ్ళిపోయే రోజున ఇటుకంత లావున్న ఒక బొమ్మల పుస్తకం ఇచ్చాడట.

"మా పాప బడికెళ్ళదు, ఇంట్లోనే పఢాయీ అని సైగ చేసి సెప్పేను," అన్నాడు నాన్న. "వెంటనే పెట్టె విప్పి ఇది తీసేడు. రెండు చేతుల్తో, వంగి మరీ ఇచ్చేడమ్మా. నాకే సిగ్గేసింది."

నేను ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తెరిచాను. అక్షరం ఒక్కటి తెలియదు. కానీ బొమ్మలు ఎంత బాగున్నాయో! పేజీకి ఆరేడు గళ్ళు, గడి గడికీ నల్లని సిరాతో బొమ్మ: గుండ్రని జుట్టున్న ఒక పిల్ల, ఆమె భుజం మీద తెల్లని పిట్ట, ఒంటికన్ను ముసలాయన, ఎక్కడ చూసినా మంచు. పేజీ అంకెలు మాత్రం మన అంకెలే. అవి మూడు వందల పైన మొదలై తగ్గుతూ వచ్చాయి. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. నాయనమ్మనడిగితే క్షణం ఆలోచించి, "ఇంకెన్ని కాయితాలు మిగిలున్నాయో సదివేవోడికి ముందే సెప్తన్నారే. ఎంత మర్యాదో సూడు ఆళ్ళది," అంది. ఆ మర్యాదకు నేను మనసులోనే జపాను దేశానికి నమస్కారం చేసుకున్నాను.

కథ నాకు ఇలా తెలిసింది. మొదట్లో పిల్ల తల్లిని కౌగిలించుకుని ఏడుస్తుంది: అంటే ఇల్లు విడిచి పోతోంది. వెంటనే ఒంటికన్ను ముసలాయన వణుకుతూ ఆమె చేతిలో పిట్టను పెడతాడు: అంటే గురువు శిష్యురాలికి ప్రాణాన్ని అప్పగించాడు. ఆ పైన ఆమె ఊరూరా తిరుగుతూ ఒకరికి గొడుగు, ఒకరికి చెప్పులు, ఒకరికి అన్నం ఇచ్చేస్తుంది. చివరికి పిట్టను కూడా గురువుగారికే ఇచ్చేసి, మంచు గుడిసెలో ఒంటరిగా కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. అది తపస్సు కాకపోతే ఇంకేమిటి? నాయనమ్మ కళ్ళు తుడుచుకుని, "తెచ్చుకున్న పేణం తిరిగిచ్చీసింది తల్లి," అని, కుంకుమ తీసి గురువుగారి నుదుట బొట్టు పెట్టింది. పుస్తకం దేవుడి అలమరలోకి చేరింది.

ఈ కథను ఏడాది పాటు చెప్పాను. రోజుకు నాలుగు పేజీలు. అయిపోతే మళ్ళీ మొదటి నుంచి. (హిందీలోనే చెప్పేదాన్ని. ఇక్కడ అందరి మాటలూ తెలుగులో రాస్తున్నాను, వాళ్ళు క్షమించాలి.) పిల్లలే కాదు, పక్క గదిలో ఉండే ఛత్తీస్‌గఢీ కాకీ, అంటే మాకు పిన్ని వరస, ఆమె కూడా కొంగులో మరమరాలు పోసుకుని వచ్చి కూర్చునేది. గురువుగారి బొమ్మ వచ్చినప్పుడల్లా మరమరాలు వదిలేసి చేతులు జోడించేది. పిల్లల్లో పెద్దది, ఎనిమిదో తరగతి చదివేది, కళ్ళద్దాల వల్ల అందరం చష్మా అని పిలిచేవాళ్ళం. "దీనికి జపాను భాష వచ్చు," అని అది తన బళ్ళో చెప్పుకుంది. నేను వచ్చనలేదు. రాదనీ అనలేదు. ఆ అనకపోవడమే తర్వాత నా గొంతు పట్టుకుంది.

ఒక ఆదివారం చష్మా రొప్పుతూ వచ్చింది. "నీ పుస్తకంలో పిల్ల టీవీలో వచ్చింది. హిందీ మాట్లాడుతోంది. వచ్చే ఆదివారం పొద్దున్న నుంచి వారం వారం వేస్తారట."

ఆ వారం నేను నేల మీద నడవలేదు. కుళాయి దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ, "ముందు తల్లి కౌగిలింత వస్తుంది చూడండి, రుమాళ్ళు తెచ్చుకోండి," అని చెప్పాను. ఆదివారం బాడా మొత్తం టైలర్ మామూ గదిలో ఇరుక్కుంది, టీవీ ఆయనదే. కుట్టు మిషను బయట పెట్టి మరీ చోటు చేశాడు. నన్ను అందరికంటే ముందు కూర్చోబెట్టారు. నాయనమ్మ టీవీకి కూడా బొట్టు పెడతానంటే మామూయే, "అమ్మాజీ, షాక్ కొడుతుంది," అని ఆపాడు.

తెర మీద మంచు పడింది. ఆ మొదటి క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఏడాదిగా నా పుస్తకంలో గాలిలోనే ఆగిపోయి ఉన్న మంచు నిజంగా కిందికి రాలుతోంది. నేను పసుపనుకున్న గౌను ఎర్రగా ఉంది. జుట్టు నల్లగా కాక బెల్లం రంగులో ఉంది. ఒక్క నిమిషం మనసు ఒప్పుకోలేదు. మాట్లాడేటప్పుడు మొహంలో నోరు మాత్రమే కదిలేది, మిగతా అంతా విగ్రహంలా ఉండేది. పాపం, బొమ్మలు గీసేవాళ్ళు అలిసిపోయారేమో అనుకున్నాను. కానీ ఆ పిల్ల తల తిప్పి, కనురెప్పలు ఆర్పి, పిట్టను పేరు పెట్టి పిలిచినప్పుడు నేను టీవీకి ఇంకా దగ్గరికి జరిగాను. దానికి గొంతు ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. నా గొంతే దాని గొంతనుకున్నాను.

అయితే తల్లి ఏది? గుడిసెలో పిల్ల ఒక్కతే ఉంది. "చివర ముందు చూపిస్తున్నారు, తర్వాత వెనక్కి వెళ్తారు," అని నేను ధైర్యంగా చెప్పాను. అందరూ తలలూపారు. ఇంతలో ఒంటికన్ను గురువుగారు దర్శనమిచ్చారు. కాకీ చేతులు జోడించింది. గురువుగారు కాలితో తలుపు తన్ని, లోపలికొచ్చి, పిట్ట మెడ పట్టుకుని గోనెసంచిలో వేసి, పిల్లను మంచులోకి తోసేసి, పగలబడి నవ్వారు. కాకీ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి.

"ఏటే, గురువుగారు దొంగతనం సేత్తన్నాడేటి?" అని నాయనమ్మ నా చెవిలో అడిగింది.

"పరీక్ష పెడుతున్నారు నాయనమ్మా."

గురువుగారు తెర మీద నుంచి హిందీలో, "దీన్ని బజారులో అమ్ముతాను," అని స్పష్టంగా చెప్పారు. ఆ మాటతో ఆ వారం భాగం అయిపోయింది. గదిలో ఎవరూ లేవలేదు. చష్మా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నీకు జపాను భాష వచ్చు కదా," అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది.

సోమవారం మూడు గంటలకు చాప వేశాను. ఎవరూ రాలేదు. మంగళవారం కూడా వేశాను. వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా వరండా వైపు ఒక్క తల తిరగలేదు. "మడతెట్టీ పిల్లా, చీమలు పడతాయి," అంది నాయనమ్మ. ఆమె గొంతు కూడా చిన్నబోయింది. దేవుడి ముందు కూర్చుని మొదట ఆ సీరియలు ఆగిపోవాలని కోరుకున్నాను. (సిగ్గుచేటే, కానీ నిజం.) తర్వాత లెంపలేసుకుని, తప్పెక్కడుందో చూపించమని అడిగాను.

బుధవారం పుస్తకం పట్టుకుని మామూ గదికి వెళ్ళాను, టీవీ చూసిన మనిషి బొమ్మలు కూడా చూసి చెబుతాడేమోనని. ఆయన సూది పెదవుల మధ్య పెట్టుకునే పుస్తకం అందుకున్నాడు. అందుకోవడమే అటు పక్క నుంచి తెరిచాడు.

"మామూ, అది చివర."

"కాదు బేటీ. మా ఉర్దూ కితాబు కూడా ఇటు నుంచే, కుడి నుంచి ఎడమకే. ఇదిగో, ఒకటో పేజీ, గుడిసె. రెండో పేజీ..." అక్కడ ఆగి, సూది తీసి పక్కన పెట్టాడు. "ఈ దొంగకు బొట్టు ఎవరు పెట్టారు?"

"మా నాయనమ్మ."

మామూ నవ్వాడు. మెడలో టేపు జారి పడేదాకా, మామీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక ముక్కాలి పీట లాగి, "కూర్చో, మొత్తం చదువు," అన్నాడు. మిషను పక్కనే కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. పిల్ల దిక్కులేనిది. పిట్టను దొంగ ఎత్తుకుపోయాడు. వెతుక్కుంటూ పోతే ఊరూరా ఒకరు అన్నం పెట్టారు, ఒకరు చెప్పులిచ్చారు, ఒకరు గొడుగు ఇచ్చారు. గొడుగు బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాను. రెండు చేతులు, మధ్యలో గొడుగు. ఎవరు ఇస్తున్నారో ఎవరు పుచ్చుకుంటున్నారో బొమ్మ చెప్పదు. నేను ఏడాదిగా ఆ పిల్లను దాతను చేశాను. అది పాపం అందరి దయ మీద నడిచిన పిల్ల. నాలాంటిదే. చివరి పేజీలో దొంగ వణుకుతూ పిట్టను తిరిగి ఇచ్చేశాడు, తల్లి దొరికింది. నేను విడిపోవడమనుకున్న కౌగిలింత, కలుసుకోవడం.

గురువారం పొద్దున్నే, పిల్లలు బడికి పోకముందే తలుపు తలుపుకూ వెళ్ళాను. "నాకు జపాను భాష రాదు. మొదటి నుంచీ రాదు. పుస్తకం చివరి నుంచి మొదటికి చదివాను. తప్పయింది," అని ఒకే పాఠం ఏడు గుమ్మాల్లో అప్పగించాను. చష్మా చేతులు కట్టుకుని అంతా విని, "అంటే ఇప్పుడు సరిగ్గా చదివావా?" అంది.

"చదివాను."

"వచ్చే ఆదివారం ఏమవుతుందో నీకు తెలుసా?"

"ఆఖరి ఆదివారం ఏమవుతుందో కూడా తెలుసు."

దాని కళ్ళద్దాల వెనక కళ్ళు పెద్దవయ్యాయి. మూడింటికి చాప చాలక దుప్పటి కూడా పరిచాం. కాకీ మాత్రం వస్తూనే, "హాథ్ జోర్ డారేఁవ్, నోనీ, అబ్ కా కరహూఁ," అంది. పెట్టేసిన దణ్ణం, ఇప్పుడేం చేస్తాను పిల్లా అని. వెనక్కి తీసుకోనని కూడా చెప్పింది. దొంగయినా ఏడాది దణ్ణాలకు కాస్త బాగుపడకపోతాడా అని ఆమె నమ్మకం. బాగుపడ్డాడు కూడా, ఆఖరి ఆదివారానికి.

సీరియలు అయిపోయిన మర్నాడు చష్మా అడిగింది, "ఇప్పుడు ఉల్టాది చెప్పు. నీది."

సంతోషంగా పుస్తకం ఇటు నుంచి తెరిచాను. "అమ్మాయి తల్లిని కౌగిలించుకుని ఏడుస్తోంది..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. ఏడాది పాటు ధారగా వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. ఆ కౌగిలి ఏమిటో తెలిసిపోయాక, ఆమె వెళ్ళిపోతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్లలు చూస్తున్నారు.

"ఇలా ఇయ్యి," అంది కాకీ. చదువు రాని మనిషి. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదటి బొమ్మ మీద వేలు పెట్టి, "తల్లి వద్దంది. పిల్ల వినలేదు. గురువు పిలిచాడు మరి," అని మొదలుపెట్టింది. నా మాటలే, నా విరుపులే, నేను ఎక్కడ ఊపిరి పీల్చేదాన్నో అక్కడే పీలుస్తూ. తనకు దాని మీద నమ్మకం చెక్కుచెదరలేదు. నేను నెమ్మదిగా లేచి వెళ్ళి, చష్మాకూ గోడకూ మధ్య ఉన్న జానెడు చోటులో, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. జరగమంటే చష్మా కాస్త పక్కకు జరిగింది. గొడుగు దానం దగ్గర అందరితో పాటు నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.