స్వరూప పాదాలు నిమిరిన సాయంత్రం

పోయినేడు నా భార్య స్వరూపకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక నయం కాదని, నొప్పి తెలియకుండా చూసుకోవడమే మిగిలిందని కామారెడ్డి ఆస్పత్రిలో చెప్పి ఎల్లారెడ్డిలోని మా ఇంటికి పంపించారు. వచ్చేముందు అక్కడి నర్సమ్మ నాకో పని నేర్పింది. "గట్టిగ పిసకొద్దన్నా, బొక్కలు ఇరుగుతయి. కొబ్బరినూనె రాసి, పసిపిల్లను నిమిరినట్టు అరికాళ్లు నిమరాలె" అంది.

స్వరూప ఒప్పుకోలేదు. "మొగనితోని కాళ్లు పట్టించుకుంటే పాపం" అని పాదాలు దుప్పట్లోకి లాక్కునేది. ఒక సాయంత్రం మాత్రం నొప్పి ఓర్చుకోలేక తనే కాళ్లు చాపింది. నేను నిమురుతుంటే బిగుసుకున్న మొహం మెల్లగా వదులైంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడే మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిరా గిది? పెండ్లాం కాళ్లు పడుతున్నవా? నలుగురు సూస్తే ఏమంటరు?"

స్వరూప ఉలిక్కిపడి లేవబోయి మంచం మీంచి జారింది. ఒడిసి పట్టుకున్నాను. తను అరిచిన అరుపుకు ఎక్కడ ఎముక విరిగిందోనని మెల్లగా తడిమి చూశాను. అదృష్టం, విరగలేదు.

ఊపిరి కూడదీసుకుని తనే అంది. "అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. జరసేపు పట్టనియ్యి. గిప్పుడే నిద్ర వడుతుండె."

పెళ్లయిన నాటి నుంచి మా అమ్మను ఏదీ అడగని మనిషి తను. అమ్మ తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది. జాలితోనో, ఎవరైనా చూస్తారనో నాకిప్పటికీ తెలియదు.

స్వరూప ఇప్పుడు లేదు. కాసేపు నిద్రపోవడానికి కూడా అంతగా బతిమాలుకోవాల్సి వచ్చిందే అన్న బాధ మాత్రం నన్ను వదలడం లేదు.