మరకల పిన్ని గురువారాలు

మరకల పిన్ని ఎవరితోనో తిరుగుతోందన్న మాట మొదట ఆమె తోడికోడలి నోట పుట్టిందట. మొగుణ్ణి ఇంట్లోంచి గెంటేసిందని, నెలకో గురువారం పని ఎగ్గొట్టి, తల నున్నగా దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని బస్సెక్కుతోందని, పక్క సీటులో ఒక బట్టతలాయన ఉంటాడని ఆ మాట. అది మా లాండ్రీకి వచ్చి, ఇస్త్రీ మామ బల్ల దాటేసరికి బట్టతలాయన వేలికి ఉంగరం వచ్చింది. మడతల బల్ల దగ్గరికి చేరేసరికి ఆయనకి సొంత కారే ఉంది. కారున్నవాడు బస్సెందుకెక్కుతాడని మాలో ఎవరూ అడగలేదు.

నిప్పు లేనిదే పొగ రాదని ఇస్త్రీ మామ ఓ రోజు ఆమెకి వినపడేలాగే అన్నాడు. పిన్ని తల తిప్పకుండా, "అంత పెద్ద బాయిలర్ ఎదురుగా పెట్టుకుని పొగ కోసం నా మొహం చూస్తావేంటి తమ్ముడూ" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మాట కాసేపు అణిగింది, పోలేదు.

మాది లాడ్జీలకీ ఆసుపత్రులకీ దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే పెద్ద లాండ్రీ. మూట విప్పగానే బట్టలు ముందు పిన్ని బల్ల మీదికి వెళతాయి. మరకలున్నవాటిని ఏరి పక్కన పెడుతుంది. వాసన చూసి, వేలితో రుద్ది, ఇది టీ, ఇది తుప్పు, ఇది నెత్తురు అని చెప్పేస్తుంది. నెత్తురుకి చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలితే మరక బట్టలో పాతుకుపోతుంది. తుప్పుకి నిమ్మకాయ, ఉప్పు. ముప్పై ఏళ్లుగా ఆమెది ఇదే పని. ఆమె చేతిలో పడ్డ మరక బతకదని మేనేజరు అంటుంటాడు.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఇక్కడ చేరాను. అయిదేళ్లయింది. నా మడతల బల్ల ఆమె బల్లకి ఎదురుగా ఉంటుంది. నేను ఎక్కువ మాట్లాడనని ఆమె నన్ను మూగిదానా అని పిలుస్తుంది, ముద్దుగానే.

కిందటేడు ఆమె ఎత్తుపీట మీద కూర్చోవడం మానేసింది. రోజంతా నిలబడే మరకలు ఏరేది. నడిచేటప్పుడు కాళ్లు కాస్త ఎడంగా వేసేది. మాటిమాటికీ బాత్రూముకి వెళ్లేది. ఒకసారి అలా వెళుతుంటే ఆమె గుప్పిట్లో పచ్చ సబ్బు ముక్క కనిపించింది. అది గ్రీజు మరకలకి వాడే సబ్బు. ఒట్టి చేతులతో పట్టుకుంటే తోలు లేస్తుంది, అందుకే రబ్బరు తొడుగులు వేసుకుని వాడతాం. దాంతో లోపల ఆమెకేం పనో నాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడగడం నాకు చేతకాదు.

తర్వాత ఆమే చెప్పింది. చెప్పుకోలేని చోట దురద. పడుకుంటే ఎక్కువయ్యేది. చిన్న అద్దం పెట్టుకుని చూసుకుంటే అక్కడి చర్మం తెల్లగా పాలిపోయి, పల్చటి కాగితంలా ముడతలు పడి ఉందట. కొన్నిచోట్ల చీలింది. ఉండకూడని చోట రంగు మారితే దాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలిసింది ఒకటే, ఉతకడం. వేడినీళ్లు, పచ్చ సబ్బు, రోజుకి నాలుగుసార్లు. ఉతికినకొద్దీ మంట పుట్టింది. మంట పుడుతోందంటే మురికి ఇంకా వదల్లేదనుకుని మరింత రుద్దింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని రుద్దింది.

ఇంట్లో వాళ్లిద్దరే, ఆమె, ఆమె భర్త. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. బజారు చివర చిన్న దుకాణం ఉంది. ఇదేదో అంటురోగమని, ఆయనకి కూడా వస్తుందని పిన్నికి భయం పట్టుకుంది. మా లాండ్రీకి అంటురోగాల వార్డు బట్టలు ఎర్ర సంచీల్లో వేరుగా వస్తాయి, వేరే మెషిన్లో పడతాయి. ఆ పద్ధతే ఆమె ఇంట్లోనూ పెట్టింది. ఆయన బట్టలు ఒక బకెట్టులో, తనవి ఒక బకెట్టులో. తువ్వాళ్లు వేరు, దుప్పట్లు వేరు. నడుం నొప్పని చెప్పి తన మంచం ముందుగదిలో వేసుకుంది. ఎందుకో మాత్రం ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు.

ముప్పై ఏళ్లు లాండ్రీ మనిషితో కాపురం చేసినవాడికి బట్టలు వేరు చెయ్యడమంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కాకపోతే రోగం తనకుందని ఆమె అనుమానిస్తోందని ఆయన అనుకున్నాడు. తను బయట ఎక్కడో తిరిగి తెచ్చుకున్నాడని ఆమె అనుకుంటోందని కూడా అనుకున్నాడు. అడిగితే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అడగలేదు. ఓ రోజు దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని దుకాణంలో పడుకోవడానికి వెళ్లిపోయాడు. పక్కవాటాలో ఉండే తోడికోడలు కిటికీలోంచి చూసింది ఆ దిండునే.

చివరికి నెత్తురు కనిపిస్తే పిన్ని భయపడి పెద్దాసుపత్రికి వెళ్లింది. అక్కడ ఆడవాళ్ల చర్మం జబ్బులు చూసే డాక్టరమ్మ నెలలో రెండో గురువారం మాత్రమే కూర్చుంటుంది. ఆవిడ పరీక్ష చేసి, జబ్బు పేరు చెప్పి, ఇది పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి అంది. ఆ తర్వాత చాలాసేపే చెప్పిందట గానీ పిన్ని చెవికి ఎక్కలేదు. ఆమె 'పోదు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు తిండి వేళలో నన్ను దుప్పట్ల గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"మూగిదానా, నీకు చదువొచ్చుగా. ఇది చదివిపెట్టు. చదివాక మర్చిపో."

పూతమందు గొట్టంతో పాటు వచ్చిన కాగితం అది. చీమ తలకాయంత అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మొహం మీద, మర్మావయవాల మీద రాయకూడదని ఒకచోట ఉంది. ఆ మాట చదివేటప్పుడు నా చెవులు వేడెక్కాయి. పిన్ని మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"అంటే ఆవిడ నేను చెప్పింది సరిగ్గా విననేలేదన్నమాట" అని మందు గొట్టానికి మూత బిగించేసింది.

అచ్చులో ఉన్నదాన్ని నేను నమ్మాను. నేను చదివినదాన్ని ఆమె నమ్మింది. ఆ నెలంతా మందు అలమారలో ఉంది, పచ్చ సబ్బు పని చేసింది. నెల తిరిగేసరికి పిన్ని మూట ఎత్తడానికి వంగలేకపోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కోప్పడలేదట. మందు రాయకుండా ఏం చేస్తున్నారని అడిగింది. పిన్ని సబ్బు సంగతి చెప్పింది. అది ఎలాంటి సబ్బో కూడా చెప్పింది, తన పని గురించి కదా, అక్కడ సిగ్గేయలేదట. డాక్టరమ్మ విని, "పట్టుబట్ట మీద మరక పడితే ఆ సబ్బు వేస్తారా?" అని అడిగింది.

"అయ్యో, వెయ్యం. బట్ట చచ్చిపోతుంది" అంది పిన్ని.

డాక్టరమ్మ అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అక్కడ ఏ సబ్బూ తగలకూడదు, గోరువెచ్చటి నీళ్లు చాలు. కాగితంలో రాసింది ఎవరికివాళ్లు కొనుక్కుని రాసుకునేవాళ్ల కోసం. ఈమెకి చూసి ఇచ్చిన మందు కాబట్టి చెప్పినట్టు రాసుకోవచ్చు, బఠాణీ గింజంత, పల్చగా. దురద తగ్గినా చూపించుకోవడం మానకూడదు, ఎందుకంటే ఆ చర్మం ఎప్పుడైనా మారొచ్చు, మారితే ముందే పట్టుకోవాలి. ఇది మురికివల్ల వచ్చింది కాదు. ఎవరివల్లా రాలేదు, ఎవరికీ అంటదు.

అంటదని విన్నాక పిన్ని ఆసుపత్రి వరండాలో బెంచీ మీద గంటసేపు కూర్చుండిపోయిందట. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

అప్పటికి గడియారాల బాబాయ్ దుకాణంలోకి చిన్న స్టవ్వు కూడా కొన్నాడు. ఆ స్టవ్వు సంగతి తెలిసినప్పటినుంచి పిన్నికి ఒకటే బెంగ, ఆయన ఇక ఇంటికి రాడని. చెబితే వస్తాడేమో. చెప్పాలంటే నోరు రాదు.

"ఎలా చెప్పాలే?" అని నన్నడిగింది.

"నాకు పెళ్లి కాలేదు పిన్నీ" అన్నాను.

"అందుకే అడుగుతున్నా. అయినవాళ్లని అడిగితే సలహాలిస్తారు."

ఊరికే తోడు రమ్మంటే ఆ సాయంత్రం దుకాణం దాకా వెళ్లాను. నేను గుమ్మం బయటే ఆగిపోయాను. బాబాయ్ ఒక కంటికి అద్దం బిగించుకుని వాచీ విప్పి చూస్తున్నాడు. గోడ నిండా గడియారాలు, ఏ రెండింటికీ పొత్తు కుదరదు.

"ఏం కావాలి?" అన్నాడు, గిరాకీతో అన్నట్టు.

"నాకు జబ్బు చేసింది. ఏడాది నుంచీ. ఎవరికీ చూపించుకోలేని చోట."

ఆయన తలెత్తలేదు. పట్టకారులో చిన్న పళ్లచక్రం అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఎవరివల్ల?"

"ఎవరివల్లా కాదు. ఎవరికీ అంటదు కూడా. డాక్టరమ్మ చెప్పింది."

"మరి నా బట్టలు వేరే ఎందుకు ఉతికావ్?"

"నాది నీకు అంటుకుంటుందేమోనని."

ఆయన చక్రాన్ని పళ్లెంలో పెట్టాడు. కంటికున్న అద్దం తీశాడు. కంటి చుట్టూ ఎర్రగా గుంటపడి ఉంది.

"నేనే మురికోణ్ణనుకున్నావనుకున్నా."

"నీ మురికంతా చొక్కా కాలరు దగ్గరే. ముప్పై ఏళ్ల నుంచీ రుద్దుతున్నా, నాకు తెలీదా" అంది పిన్ని. నవ్వించడానికే అంది.

ఆయన నవ్వలేదు. "నొప్పా?" అన్నాడు.

"మంట."

"ఊఁ" అన్నాడు.

మర్నాడు దిండూ దుప్పటీ ఇంటికి తిరిగొచ్చాయి. ఆ వేళప్పుడు తోడికోడలు కిటికీ దగ్గర లేదు.

ఇక్కడితో అంతా సుఖంగా ఉందని రాయాలని నాకుంది. మందు పని చేసింది. దురద తగ్గింది, చీలికలు మానాయి, పిన్ని మళ్లీ ఎత్తుపీట మీద కూర్చుంటోంది, మెత్తటి గుడ్డ మడిచి వేసుకుని. తెల్లదనం మాత్రం పోలేదు. ఇంట్లో బట్టలన్నీ ఒకే బకెట్టులో పడుతున్నాయి. కానీ మంచాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన ఆ రోజు తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె మందు రాసుకోవడానికి లేస్తే ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లి నిలబడతాడు. అది మర్యాదో భయమో ఆమెకి తెలియదు.

"అంటదని ఇద్దరికీ తెలుసు" అని ఒకసారి నాతో అంది. "తెలిశాక కూడా చెయ్యి ముందుకి రాదే. ఆయనకీ రాదు, నాకూ రాదు."

నేను దుప్పటి అంచులు కలిపి మడత వేశాను.

ఇదంతా రాయమన్నది ఆమే. నాలాంటిది ఇంకొకతి ఎక్కడో తలుపేసుకుని సబ్బుతో రుద్దుకుంటూ ఉంటుంది, దానికోసం రాయి, అంది. మరి లాండ్రీలో వాళ్లకి కూడా చెప్పేస్తే ఆ పుకారు ఆగిపోతుంది కదా అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంది. "బట్టతలాయన ఉంటే ఉండనీ. ఆయనవల్ల నాకేం కష్టం, కనీసం కారుంది."

ఒకసారి మాత్రం, మూటలు దించుతూ, నా వైపు చూడకుండా అడిగింది, ఈ గురువారం నువ్వు కూడా రాకూడదూ అని. ఏ ఆసుపత్రికి, ఎవరికి, ఏ జబ్బుకి అని మా అమ్మ అడుగుతుందన్నాను. అది నిజమే. ఆమెతో కలిసి బస్సెక్కితే నా మీద కూడా ఏదో ఒకటి పుట్టిస్తారని భయపడ్డాను, అదీ నిజమే. ఆ రెండోది నేను చెప్పలేదు. ఆమె "సరేలే" అని పనిలో పడిపోయింది. మళ్లీ అడగలేదు.

గంటన్నర బస్సు. మూడు గంటలు బెంచీ మీద. పరదా వెనక అయిదు నిమిషాలు. మళ్లీ గంటన్నర బస్సు. ఇప్పటికి తొమ్మిది గురువారాలయ్యాయి. తొమ్మిదిసార్లూ ఆమె ఒక్కతే వెళ్లింది, ఒక్కతే వచ్చింది.