తక్కువ వస్తే మంచిదంట

కొల్లేరు అంచున చేపల చెరువులు చేసే బంగార్రాజుకి తవుడు సంచి చూస్తే చెరువు సంగతి తెలిసిపోతుంది. కర్రలకు కట్టిన సంచుల్లో మేత మిగిలిందంటే చేప బాగాలేదని లెక్క. అప్పుడు వల విసిరి చూస్తాడు. మందు చల్లాక చేప తగ్గినట్టు కనిపిస్తే ముందు మందు ఆపించి, తర్వాత నీళ్లు మారుస్తాడు. ఇన్నేళ్లలో ఆ పద్ధతి ఆయన్ని పెద్దగా ముంచింది లేదు. కూతురు అలేఖ్య రక్తపరీక్ష రిపోర్టు వచ్చినప్పుడూ అదే చేశాడు.

అలేఖ్య వట్లూరులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే నరాల మీద పడి పైపొరను పాడుచేస్తాయి. ఏలూరులో డాక్టర్ తేజస్వి రాసిన క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నంత కాలం జబ్బు తిరగబెట్టలేదు. మామూలుగా చేయించే పరీక్షలో లింఫోసైట్లు బాగా తక్కువ వచ్చాయి.

"ఇవేంటమ్మా?"

"రక్షణ కణాలు నాన్నా. తగ్గుతాయని డాక్టరుగారు మొదట్లో ఏదో చెప్పారు. ఆ కంగారులో నా బుర్రకెక్కలేదు."

"చచ్చిపోతున్నాయన్నమాట. ఇంకా ఆ మందెందుకు? కొన్నాళ్లు ఆపి చూద్దాం."

"ఆవిణ్ణి అడుగుదాం."

"తను రాసిన మందు తనే ఆపమంటుందా?"

ఆమెకూ భయం వేసింది. ఆపేసింది.

రెండు నెలలు పోయాక పరీక్ష చేయిస్తే కణాలు మామూలుకొచ్చాయి. బంగార్రాజు భార్య నాగరత్నం చేత సేమ్యా పాయసం చేయించాడు. ఆ నెల తిరక్కుండానే అలేఖ్యకు కుడికన్ను ముందు మంచు కమ్మినట్టయింది. బోర్డు మీద తను రాసిన అంకె తనకే కనిపించలేదు.

"పెరిగాయి కదమ్మా!" అన్నాడాయన. కారులో ఏలూరు వెళ్లేదాకా అదే మాట.

"ఎవరాపమన్నారండీ?" అంది తేజస్వి.

"నేనేనండి. కణాలు చచ్చిపోతుంటేనూ..."

"చావలేదండీ. బయటికి రాలేదంతే. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూశారూ, అది లింఫు గ్రంథి. ఒంట్లో అలాంటివి చాలా ఉంటాయి. రక్తంలో తిరిగే ఈ కణాలు అక్కడి సన్నటి రక్తనాళం గోడకు తగిలి, దొర్లి, అంటుకుని, సందు చేసుకుని గ్రంథిలోకి దూరతాయి. అక్కడ పని చూసుకుని వేరే దారిన మళ్లీ రక్తంలోకి వస్తాయి. ఈ మందు ఆ వచ్చే దారిని మూసేస్తుంది. బయటికి రాకపోతే నరాల మీద పడవు. మనం సూదితో తీసేది రక్తం. లోపలున్నవి లెక్కలోకి రావు."

"అలా లోపలికి పోతూనే ఉంటే ఆ గ్రంథి పగిలిపోదా అండీ?"

"పగలదండీ. రక్తంలో తగ్గేకొద్దీ లోపలికి పోయేవీ తగ్గుతాయి."

"మరి కాపలావాళ్లని గదిలో పెట్టి గడియేస్తే, దొంగొస్తే?"

"అందుకే జ్వరమొస్తే వెంటనే రమ్మన్నాను. మరీ అడుగంటితే నేనే ఆపుతాను."

"అంటే తక్కువ మంచిదా, చెడ్డదా?"

"తక్కువుండాలి. మరీ తక్కువుండకూడదు."

"చెరువైతే నీళ్లు తోడి చూసుకునేవాణ్ణండి," అన్నాడు బంగార్రాజు.

"నాన్నా, చెరువు సంగతి తర్వాత. నాకు కన్ను కనిపించట్లేదు," అంది అలేఖ్య.



ఆసుపత్రిలో చేర్చుకుని స్టెరాయిడ్ ఎక్కించారు. మంచు కొద్దికొద్దిగా విడిపోయింది కానీ ఆ కంటికి ఏ ఎరుపైనా వెలిసిన ఇటుక రంగులోనే కనిపించేది. ఈ మందు మొదటిసారి పడ్డప్పుడు గుండె నెమ్మదించొచ్చు. మధ్యలో ఆపినందువల్ల, క్యాప్సూల్ మళ్లీ మొదలుపెట్టిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుండె వేగం చూస్తూ ఆమెను అక్కడే ఉంచారు.

తర్వాతి రిపోర్టు తెచ్చింది కూడా బంగార్రాజే.

"ఎలా వచ్చిందండీ?" అంది నాగరత్నం.

"తగ్గాయి."

"అయ్యో!"

"అయ్యో కాదే. మంచిదంట."

"మంచిదైతే మీ మొహం అలా ఉందేంటండీ?"

ఆయన కాగితం అలేఖ్య చేతిలో పెట్టాడు. ఆమె ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, కుడికంటితో పైనుంచి బయటికి చదవడం మొదలుపెట్టింది. ఏ అంకె ఎంతో ఆయన వినలేదు. ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. అడుగున చిన్న అక్షరాలు ఆనక అక్కడ ఆగింది. కాగితాన్ని కాస్త దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ చదివింది.