బాత్‌రూమ్ ముందు ఎర్ర సిగ్నలు

ఆ రోజుల్లో నాకు తిన్నగా ఉన్న వస్తువంటే గిట్టేది కాదు. కుర్చీ కుర్చీలా ఉంటే చిన్నచూపు, బల్లకి నాలుగు కాళ్ళూ ఒకేలా ఉంటే జాలి. ఇది వయసు చేసిన పనో, రాయ్‌పూర్‌లో రెండేళ్ళు వెలగబెట్టిన ఇంటీరియర్ డిప్లొమా చేసిన పనో ఇప్పటికీ చెప్పలేను. పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. అక్కడ గోడలన్నిటికీ ఒకే సున్నం, తలుపులన్నిటికీ ఒకే రంగు. పొరపాటున పక్క క్వార్టర్లో దూరినా కళ్ళు మూసుకుని వంటింట్లోకి నడిచి మంచినీళ్ళు తాగి రావచ్చు (చిన్నప్పుడు రెండుసార్లు తాగి వచ్చాను కూడా). గోడకి మేకు కొట్టబోతే చాలు, మా నాన్న 'సర్కారు గోడే, సర్కారు గోడ' అని పరిగెత్తుకొచ్చేవాడు. అలాంటి చోట ఇరవయ్యేళ్ళు పెరిగిన పిల్ల చేతికి ఒక ఇల్లు దొరికితే ఏమవుతుందో, అదే అయింది.

మా నాన్న లోకో పైలట్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఇంజన్ల షెడ్‌లో చేరాడు. అప్పట్నుంచీ మా ఇళ్ళలో పుట్టిన పిల్లకి పేరు పెట్టడం ఎంత సహజమో, ఎదిగిన పిల్ల చేత రైల్వే పరీక్ష ఫారం నింపించడం అంత సహజం. నా డిప్లొమా అయిన వారానికే నాన్న మొదలుపెట్టాడు. "చదివేవు, అచ్ఛా. బొమ్మలేసేవు, అచ్ఛా. ఇప్పుడు ఫారం నింపీ." నేను చేయబోయేదీ ఉద్యోగమే అన్నాను. "ఏటి ఉద్యోగం? డ్యూటీ ఎన్నింటికి? నువ్వు దిగితే ఆ చోట ఎక్కేదెవులు?" అని అడిగాడు. అడ్డుపడింది పెదనాన్న. ఆయన కర్గీ రోడ్‌లోనూ అలాంటి చిన్న చిన్న స్టేషన్లలోనూ స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరై, ఊరి చివర తిఫ్రాలో సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. రిటైరయ్యాక కూడా జేబులో పెన్ను లేకుండా బయటికి వచ్చేవాడు కాదు. సంతకం అడిగేవాళ్ళు మాత్రం లేరు. "లోపలి పని అమ్మలు చేస్తాది. గృహప్రవేశానికి మనోళ్ళంతా వస్తారు కదా, వాళ్ళు బాగుందంటే పిల్లని వదిలీ. బాగోలేదంటే నేనే దగ్గరుండి ఫారం నింపిస్తాను" అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడు. ఫారానికి ఆఖరు తేదీ గృహప్రవేశం అయిన మూడో రోజు. అంటే నా బతుకంతా తిఫ్రాలోని మూడు గదుల మీద ఆధారపడి ఉందన్నమాట.

అలా ఆధారపడినప్పుడు బుద్ధున్నవాళ్ళెవరైనా తిన్నని అల్మరా చేయించి, తెల్ల రంగు వేయించి ఊరుకుంటారు. నేను మెట్ల కింద మెట్టుకో సొరుగు పెట్టించాను. పెదనాన్న భార్య దొడ్డమ్మ మొదటి మెట్టు సొరుగు లాగి చూసి, "పట్టుచీరలు ఇందులో పెట్టుకుని మీదనుంచి తొక్కుకుంటూ పోవాలేటే?" అంది. భోజనాల బల్ల కాళ్ళకి చెక్కతో చెక్కిన చెప్పులు తొడిగించాను, ఒక్కో కాలికి ఒక్కో రకం. అది చూసి దొడ్డమ్మ అంతకంటే తక్కువ మాట్లాడింది. "భోజనాల దగ్గర చెప్పులేటి? విప్పించు." అవి బల్లతో పాటే చెక్కినవి, విప్పడానికి రావని వివరించడానికి నాకో పూట పట్టింది. చివరికి గృహప్రవేశం నాడు ఆ కాళ్ళకి పాత తువ్వాళ్ళు చుట్టి ఉంచాలనే షరతు మీద రాజీకి వచ్చాం.

కానీ నా ప్రాణమంతా ఇంకో దానిమీద ఉంది. క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ మా పొద్దులన్నీ బాత్‌రూమ్ తలుపు కొట్టడంతోనూ, లోపలివాళ్ళు 'ఉన్నాను' అని అరవడంతోనూ మొదలయ్యేవి. ఈ అనాగరికానికి నేను కనిపెట్టిన మందు సిగ్నలు. బాత్‌రూమ్ తలుపు పక్కన నిలువెత్తు ఇనుప స్తంభం, దాని నెత్తిన టోపీలు పెట్టుకున్న రెండు దీపాలు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. లోపల గడియ వేస్తే అది తలుపుచట్రంలోని కన్నంలోకి దూరి అక్కడున్న చిన్న స్విచ్చిని నొక్కుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. గడియ తీస్తే ఆకుపచ్చ. సిర్గిట్టీలో వెల్డింగ్ చేసేవాడు నా బొమ్మని అటూ ఇటూ తిప్పి, "దీదీ, యే రైల్వే కా మాల్ తో నహీఁ హై నా?" అని, అది రైల్వే నుంచి కొట్టుకొచ్చిన సరుకేమోనని భయపడ్డాడు. కాదు, బాత్‌రూమ్‌కి అన్నాను. దాంతో ఇంకా భయపడ్డాడు.

గృహప్రవేశం రోజు పొద్దున్నే పాలు పొంగాయి, పూజ అయింది, బంధువులు దిగారు. మా బంధువులంటే వేరే చెప్పాలా, డ్రైవర్లు, గార్డులు, పాయింట్స్‌మెన్లు, ఆ పనులు చేసి రిటైరైనవాళ్ళు. నేను ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని సొరుగుల మెట్లు చూపిస్తూ తిరుగుతున్నాను. మేడ మీది బాత్‌రూమ్‌కి ఇంకా టైల్స్ పడలేదు కాబట్టి ఇంటికంతటికీ కిందదొక్కటే దిక్కు. ఒక అరగంట పోయాక చూద్దును కదా, ఆ తలుపు ముందు నుంచి హాలు దాకా మగవాళ్ళ వరస. చేతులు కట్టుకుని, అరవకుండా, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా నిలబడ్డారు. నా సిగ్నలు చూడ్డానికే నిలబడ్డారనుకుని నా గుండె పొంగిపోయింది (ఆ పొంగు ఎంతసేపు నిలిచిందో చెప్పను). అందరికన్నా ముందున్నది మెయిల్ మావయ్య. దొడ్డమ్మకి అన్నగారు, ఉద్యోగం ఆఖర్న మెయిల్ బళ్ళు నడిపాడు కాబట్టి ఆ పేరు. సర్వీసంతటిలో ఒక్క ఎర్ర సిగ్నలూ దాటలేదని పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో కూడా చెప్పుకునే మనిషి. ఇప్పుడు షుగరు మనిషి కూడా. నుదుటి మీద చెమట పట్టి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు.

"లోపలెవరు మావయ్యా?" అన్నాను.

"ఎవులో నాకేటి తెలుసు? ఎరుపుంది."

"తలుపు కొట్టలేదా?"

"సిగ్నలు ఎరుపున్నాక తలుపు కొట్టడమేటే?" అన్నాడు, నన్ను కొత్తగా చూస్తూ.

బొగ్గు కంపెనీలో పనిచేసే అల్లుడొకాయన, రైల్వే వాసన తగలనివాడు, నేరుగా వెళ్ళి తలుపు తోయబోతే నలుగురు కలిసి చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశారట. నేను వెళ్ళి తోశాను. తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. బకెట్టు, మగ్గు, నేను వేయించిన చేప ఆకారం సబ్బుపెట్టె. సిగ్నలు మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉంది. వరసలో నాలుగో మనిషి మా నాన్న. ఆయన తలుపుచట్రాన్ని కింద నుంచి పైదాకా చూస్తున్నాడు.

"ఖాళీగానే ఉంది మావయ్యా, వెళ్ళండి" అన్నాను.

"తలుపు తెరుచుకుందని పోతానేటి? ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు. లైను ఖాళీ అని చెప్పడానికి నువ్వెవులు?"

ఆయన హాస్యమాడడం లేదు. వెనక ఉన్నవాళ్ళు కూడా తలలూపారు. సిగ్నలు పాడైతే స్టేషన్ మాస్టరు కాగితం రాసి ఇవ్వాలి, ఆ కాగితం చేతిలో పడితే తప్ప డ్రైవరు బండి కదపకూడదు. ఇది వాళ్ళకి నేర్చుకున్న రూలు కాదు, ఒంట్లో నెత్తురు. అంతలో పురోహితుడి దగ్గరినుంచి పెదనాన్న వచ్చాడు. సంగతి విన్నాడు. నవ్వుతాడో, తిడతాడో అని నేను చూస్తున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు. పట్టుపంచె సర్దుకుని, బాత్‌రూమ్‌లోకి స్వయంగా వెళ్ళి నాలుగు మూలలూ చూసి వచ్చాడు. గృహప్రవేశం కార్డు ఒకటి తీసుకుని, వెనక్కి తిప్పి, కాళ్ళకి తువ్వాళ్ళు చుట్టుకున్న నా బల్ల మీద పెట్టి రాశాడు: 'తిఫ్రా స్టేషన్. సిగ్నలు పాడైనది. లోపల లైను ఖాళీ. జాగ్రత్తగా వెళ్ళవచ్చును.' కింద సంతకం.

మెయిల్ మావయ్య కాగితం అందుకుని, ఆ స్థితిలో కూడా, మొత్తం పైకి చదివాడు. "టైమెయ్యలేదు బావా."

పెదనాన్న గడియారం చూసి టైము వేశాడు. మావయ్య లోపలికి వెళ్ళాడు. హాలంతా చప్పట్లు. ఆ తరవాత ఎవరూ ఊరికే వెళ్ళడానికి ఒప్పుకోలేదు. గార్డులు, పాయింట్స్‌మెన్లు, ఆఖరికి పురోహితుడు, అందరికీ కాగితం కావాలి. ఇందాక చొక్కా లాగించుకున్న అల్లుడు రెండుసార్లు తీసుకున్నాడు. కార్డులు అయిపోతే స్వీటు డబ్బాల మూతలు చింపి ఇచ్చారు. "దొడ్డమ్మా, నీ ఇంట్లో నీకూ కాగితమేనా?" అని నేనంటే, "ఏం, నేను మాస్టరు గారి పెళ్ళాన్ని, రూలు తప్పుతానేటి?" అంది. పెదనాన్న ఆ బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని, భోజనానికి పిలిచినా లేవకుండా, ఒక్కొక్కరికీ గది చూసి వచ్చి మరీ రాసి ఇస్తూ కూర్చున్నాడు. ఆయన ముఖం అంత వెలిగిపోవడం రిటైరయ్యాక నేనెప్పుడూ చూడలేదు.

భోజనాలయ్యి అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేను జడపిన్ను తీసుకుని సిగ్నలు దగ్గరికి వెళ్ళాను. గడియ దూరే కన్నంలో పసుపు ముద్ద. దొడ్డమ్మ తెల్లవారే తలుపుచట్రాలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది కదా, చేతికి మిగిలిన ముద్ద కన్నంలోకి దూరి స్విచ్చిని నొక్కిపట్టేసింది. పిన్నుతో లాగేశాను. ఆకుపచ్చ వెలిగింది. పిన్ను జడలో గుచ్చుకుని ఇటు తిరిగేసరికి వెనక నాన్న.

"ఏటైంది దానికి?" అన్నాడు.

కొన్ని అబద్ధాలు మనం ఆలోచించి చెప్పం, అవే తయారుగా ఉంటాయి. "ఏం కాలేదు నాన్నా. ఎక్కడ ఏం తేడా వచ్చినా ఎరుపే పడేలా పెట్టాను. పాడైన సిగ్నలు ఆకుపచ్చ చూపిస్తే ప్రమాదం కదా" అన్నాను. ఆయన దగ్గర చిన్నప్పట్నుంచీ విన్న మాటే అది.

నాన్న నన్ను కాసేపు చూశాడు. "అచ్ఛా" అన్నాడు. నా జడలోని పిన్ను కేసి చూశాడు. "అయితే ఫారం వద్దులే. నీ పని నువ్వు చేసుకో."

నేను మూడు రోజులు నేల మీద నడవలేదు. సాక్షాత్తూ లోకో పైలటే మెచ్చిన డిజైనరునని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఆ ఊపులోనే బిలాస్‌పూర్‌లో చిన్న కొట్టు తెరిచాను, అది నిలబడింది, నేనూ నిలబడ్డాను. పన్నెండేళ్ళు గడిచాయి. పోయిన ఏడాది నాన్న రిటైరయ్యాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ, ఇంక నన్నేం చేస్తాడులే అని ధైర్యం తెచ్చుకుని, పసుపు ముద్ద సంగతి చెప్పేశాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దున్నించే. సిగ్నలు దగ్గర ఆగినోడు ఊరికే నిలబడతాడేటి? నాలుగు పక్కలా చూస్తాడు. నువ్వు తలుపు తోసేక కన్నంలో పసుపు కనబడతానే ఉంది."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీ పెదనాన్న సంతకాలు పెట్టుకుంటున్నాడు కదా, ఎందుకు చెడగొట్టడం."

అంతటితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "అయినా నా పని నచ్చే కదా నన్ను పరీక్ష నుంచి వదిలేశావు?" అన్నాను.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "నచ్చడమేటి అమ్మలూ. సిగ్నలు పాడవడం తప్పు కాదు. పాడైందని చెప్పకపోవడం తప్పు. నేను అడిగేను, నువ్వు నా ముఖం చూసి అబద్ధమాడీసేవు. అప్పుడే తేల్చీసుకున్నాను, నిన్ను రైల్వేకి పంపితే ఎవులి ప్రాణం మీదకో తెస్తావని. కుర్చీలు చేసుకుంటే ఎవులికీ ఏటీ అవదు కదా."

నేను గెలిచానని పన్నెండేళ్ళుగా ఊళ్ళో చెప్పుకుంటున్న పరీక్షలో ఆ మధ్యాహ్నమే తప్పానన్నమాట, అదీ తప్పినందుకే నా బతుకు నాకు దక్కిందన్నమాట. ముందు కోపం వచ్చింది, తరవాత సిగ్గు వేసింది, గ్లాసు కడిగి పెట్టేసరికి నవ్వు వచ్చింది. జడలో పసుపంటిన పిన్నుతో తలెత్తుకుని తిఫ్రా అంతా తిరిగిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల కళ్ళ ముందు కనబడింది. పిలిచి నిజం చెప్పాలనిపించలేదు. పాపం, తిరగనీ అనుకున్నాను.