మెట్ల రెయిలింగుకు వేసిన కుట్టు

పై వాటా నుంచి నేరుగా సిమెంటు గచ్చు మీదికి దిగే పదిహేడు మెట్లవి. చూపు మందగించిన అత్తగారు వాటిని రెయిలింగు పట్టుకునే దిగుతుంది. పై మెట్టు దగ్గర అది తుప్పు పట్టి నిలువు పైపు నుంచి ఊడిపోయింది. వెల్డరేమో మూడు వారాలుగా రేపంటే రేపంటున్నాడు. ఆ మూడు వారాలూ ఆవిడ గడప దాటలేదు, ఇల్లు జైలైపోయిందని రోజుకు పదిసార్లు అనడమూ మానలేదు.

కోడలు దర్జీ. వినీ వినీ విసిగి, తానే అతికిస్తానని బండ్ల షెడ్డు నడిపే తమ్ముడి దగ్గరికి పోయింది.

"టిగ్ వెల్డింగు జోలికి పోకక్కా, చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది," అన్నాడతను. "తీగ మిషను సులువు. మీట నొక్కితే తీగ దానంతటదే వస్తుంది. కానీ అతుక్కి గ్యాసు కాపలా ఉండాలి. గాలి వీచిందా, ఆ గ్యాసు చెదిరిపోయి అతుకు గుల్లబారుతుంది. మీ మెట్లేమో ఆరుబయట. రాడ్డు మిషనుకు గ్యాసుతో పని లేదు. మొదట్లో ఏడిపిస్తుంది, అయినా నీకదే మేలు."

షెడ్డులో రెండూ చేసి చూసింది. రాడ్డు ఇనుముకు అంటుకుపోయి ఊడి రానంది. ఊడాక మిగిలింది కాకిరెట్టల్లాంటి మచ్చలే. తీగ మాత్రం కుట్టు మిషను దారంలా సాఫీగా నడిచింది. ముప్పయ్యేళ్లుగా వరసైన కుట్టు చూసి మురిసిన కళ్లాయె! తమ్ముడి మాట పెడచెవిన పెట్టి తీగ మిషనే తెచ్చుకుంది.

సాయంత్రం గాలి తగ్గిందనుకుని ముసుగు దించి పని మొదలుపెట్టింది. అతుకు ముచ్చటగా వచ్చింది. అక్కడక్కడా సూది బెజ్జాలు కనిపిస్తే రుద్ది, నల్లరంగు పూసేసింది. "రేపటి నుంచి హాయిగా దిగండి," అని అత్తగారికి చెప్పింది కూడా.

మర్నాడు ఉదయం చొక్కా చెయ్యి కుట్టి, అలవాటుగా రెండు చేతులా లాగి చూసింది. లాగి చూడనిదే ఏ బట్టా ఇచ్చి ఎరగదు. రెయిలింగును లాగి చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అదే క్షణాన బయటి తలుపు గడియ తీసిన చప్పుడైంది.

"అత్తయ్యా, ఆగండి! రెయిలింగు పట్టుకోకండి!"

"పట్టుకోవద్దంటే, ఎగిరి దిగమంటావా?" అంటూనే ఆవిడ చెయ్యి వేసింది.

కోడలు ఒక్క ఉదుటున పోయి నడుం పట్టి వెనక్కి లాగింది. ఆవిడ చేతి బరువుకే అతుకు టప్పున ఊడి, రెయిలింగు కొస గాల్లో ఊగింది. ఊడిన చోట లోపలంతా స్పంజిలా బెజ్జాలే. పైన పటారం, లోన లొటారం. ఇద్దరూ గడప మీదే కూలబడ్డారు. కోడలికి భయం కంటే తన కళ్ల మీద కోపమే ఎక్కువగా ఉంది.

"కంటికి నచ్చిందని వేశానత్తయ్యా. చేజేతులా మిమ్మల్ని చంపుకునేదాన్ని."

"చంపలేదుగా. ముందు కాసిని మంచినీళ్లివ్వు."

మధ్యాహ్నానికి రాడ్డు మిషను వచ్చింది. కోడలు పాత పైపు ముక్కల మీద మూడు రోజులు కుస్తీ పట్టింది. నాలుగో రోజు పాత అతుకంతా గీకేసి, మెరిసే ఇనుము తేలాక, రెయిలింగుకు కొత్త అతుకు వేసింది. పైన గట్టిపడిన చిట్టెం సుత్తితో రాలగొడితే, కింద వంకరటింకర గడ్డలు బయటపడ్డాయి. వాటినీ బాదింది. కదల్లేదు. తలుపు వైపు నిలబడి, రెయిలింగును రెండు చేతులా పట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. మళ్లీ లాగింది.

అత్తగారు వచ్చి కోడలి భుజం పట్టుకుని, రెండో చేత్తో అతుకు తడిమింది.

"ఛీ, ఇదేం కుట్టే, ఇంత ముతకగా! బట్టయితే మొహాన కొడతారు."

"లాగి చూశానత్తయ్యా."

ఆ మాట విన్నాక ఆవిడ కోడలి భుజం వదిలేసి, రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు దిగింది.