ఎనిడ్ ఆంటీ పూల వైను

మా ఊళ్ళో పెళ్ళంటే చర్చి, కేకు, ఎనిడ్ ఆంటీ పూల వైను. మూడింట్లో ఏది లేకపోయినా అది పెళ్ళే కాదనేవాళ్ళు. ఎనిడ్ ప్రాసర్ మా పక్కింటావిడ. మొగుడు పోయాక ఇరవై కోళ్ళనీ ఊరంతటినీ ఒక్క నోటితో అదుపులో పెట్టిన మనిషి. మే నెలాఖరుకి కంచెల మీద ఎల్డర్ పొదల పూలు తెల్లగా గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటే, బాగా ఎండ కాసిన రోజు చూసి కోసేది. వాటితో నిమ్మకాయలు, పంచదార, చెంచాడు వెనిగర్, నీళ్ళు. అంతే. ఈస్టు వేసేది కాదు, పూల పుప్పొడే పులియబెడుతుందనేది. బిరడా తీస్తే టప్పుమని ఎగిరి పైకప్పుకి తగిలేది.

నా పెళ్ళి కుదిరిన ఏడు ఆవిడ వేళ్ళు వాచి కత్తెర పట్టలేకపోయింది. పూలు నన్నే కోయమంది.

"బాగా దులుపు. నీళ్ళు మాత్రం చుక్క తగలనివ్వకు. నీ శుభ్రమంతా నీ వంటింట్లో చూపించుకో."

గుత్తుల్లో నల్లటి సన్న పురుగులు పాకుతున్నాయి. నా కాబోయే అత్తగారు బర్మింగ్‌హామ్ మనిషి. చెంచాని కూడా వెలుతురుకి ఎత్తి చూసే రకం. ఆవిడ గ్లాసులో పురుగు తేలితే నా పరువేం కాను? ఆంటీ చూడకుండా పెరటి కుళాయి కింద పూలన్నీ పుప్పొడితో సహా కడిగేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పెళ్ళిలో మొదటి సీసా ఆంటీయే తీసింది. చప్పుడు లేదు. రెండోదీ అంతే. మూడోదానికి జనం నవ్వడం కూడా మానేశారు.

"నిమ్మరసం బావుందండీ," అంది అత్తగారు.

ఆంటీ ముఖం ఎర్రబడింది. నా వైపు ఒక్కసారి చూసి, "వయసైపోయిందమ్మా, నా చేతిలో పస పోయింది," అని అందరికీ వినబడేలా నవ్వింది. కడిగానన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అత్తగారు పక్కనే ఉంది. మింగేశాను.

ఆంటీ మళ్ళీ వైను పెట్టలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి పట్నం నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళు. ఆవిడ వెనక బెంచీ మీద టీ తాగుతూ కూర్చునేది.

"ఏం ఆంటీ, రిటైరయ్యావా?" అని కుర్రాళ్ళు ఏడిపిస్తే, "మీ నాన్నలకి పోసి పోసి అలిసిపోయాన్రా," అనేది.

పెళ్ళయ్యాక మేం మా ఇంట్లోనే కాపురం పెట్టాం, అత్తగారు వచ్చిపోతూ ఉండేది. పదకొండేళ్ళు. రోజూ గోడ మీదుగా పలకరించుకుంటూనే ఉన్నాం, ఆ ఒక్క ముక్క చెప్పలేదు. సిగ్గో, భయమో, బద్ధకమో. అత్తగారు పోయాక సాకు కూడా లేదు. అయినా చెప్పలేదు.

ఆవిడ మంచం పట్టిన జూన్‌లో, సూప్ తాగిస్తూ బయటపెట్టాను. "ఆంటీ, నా పెళ్ళప్పుడు పూలు నేను కడిగేశాను."

"తెలుసు. సీసా తీస్తూ నీ మొహం చూశాను. అప్పుడే అర్థమైంది."

"మరి మళ్ళీ ఎందుకు పెట్టలేదు?"

"మరుసటేడు పెట్టి, అది టప్పుమంటే మీ అత్త ఊరుకునేదా? 'నా కొడుకు పెళ్ళికి వైను పాడుచేసిందెవరు' అని ఆరా తీసేది. కొత్త కోడలివి, ఆవిడ నోట్లో పడతావని."

"ఆవిడ పోయి అయిదేళ్ళయింది కదా ఆంటీ."

"అప్పట్నించీ నువ్వొచ్చి చెప్తావని చూస్తున్నా," అంది గోడ వైపు తిరిగి. "ఒక్క మాట చెప్పుంటే, అయిదు వేసవులు నాకు మిగిలేవి కదే."