దానియేలు వాయించని సెల్లో

దయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికినదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. చిత్తూరులో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో టీచరుగా ఉండేదాన్ని. పక్కనే ఆసుపత్రి. అక్కడి డాక్టరు దొరగారి భార్య పియానో గొప్పగా వాయించేది. చర్చి పాటల వల్ల నాకు వాళ్ల సంగీత లిపి చదవడం వచ్చు. ఆమె వాయిస్తుంటే పక్కన నిలబడి పేజీలు తిప్పేదాన్ని.

ఆమెతో కలిసి వాయించేవాళ్లు ఇద్దరు. కోర్టు గుమాస్తా రామచంద్రయ్యగారిది వయొలిన్. కీర్తనలు వాయించే ఆయన, నలభై దాటాక ఆ కొత్త లిపి నేర్చుకున్నారు. ఆసుపత్రి కాంపౌండరు దానియేలుది సెల్లో. మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది అది. గొంతు లోతుగా ఉంటుంది. దానియేలు డ్యూటీ దిగి, మందుల వాసనతోనే వచ్చి కూర్చునేవాడు. ముగ్గురూ వాయించాల్సిన పాతకాలపు యూరపు సంగీతం ఒకదాన్ని ఏడాదిపాటు సాధన చేశారు. అంత శ్రద్ధ నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కచేరీకి పన్నెండు రోజుల ముందు దానియేలు పూతలపట్టు దగ్గర సైకిల్ మీదనుంచి పడ్డాడు. ఎడమ మణికట్టు విరిగింది. ఆసుపత్రి మనిషయ్యుండీ, విరిగిన ఎముకలకు కట్టు కట్టే నాటువైద్యుల దగ్గరికి పుత్తూరుకే వెళ్లి కట్టు కట్టించుకున్నాడు. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా కట్టు.

వాయిదా వేయడానికి లేదు. దొరసాని ఆ మరుసటి వారమే ఓడెక్కాలి, మళ్లీ రాదు. ఇద్దరే వాయించాలనీ, సెల్లో ముందుగా ఎత్తుకునే చోట వయొలిన్ అందుకోవాలనీ నిర్ణయించారు.

సాయంత్రం నాలుగున్నరకు బడి హాల్లో మొదలైంది. బయట ఇంకా ఎండగానే ఉంది. మూడో కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని దానియేలే తన సెల్లోను తెప్పించి అక్కడ ఆనించి పెట్టించాడు. వాయించడం లేదు గనుక తీగలన్నీ వదులు చేయించాడు. అది నేను కళ్లారా చూశాను. తను వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

మొదటి భాగం బాగా జరిగింది. రెండోది నెమ్మదిగా సాగేది. పియానో మెల్లగా ఎత్తుకుంది. రామచంద్రయ్యగారు కమాను ఎత్తారు. అది తీగను తాకకముందే సెల్లో వినిపించింది.

పియానో పుస్తకంలో మూడు వాయిద్యాల వరసలూ ఒకదాని కింద ఒకటి అచ్చేసి ఉంటాయి. నా కళ్లు సెల్లో వరస మీద పడ్డాయి. అక్కడ ఏ స్వరం ఉందో, చెవిన అదే పడుతోంది. సెల్లో వైపు చూశాను. దాని పక్కన ఎవరూ లేరు. దాని కమాను నేల మీద ఉంది.

రామచంద్రయ్యగారు కమాను దించి, కళ్లు మూసుకుని, తన వంతు వచ్చేదాకా ఆగారు. దొరసాని ముఖం పాలిపోయింది గానీ చేతులు ఆగలేదు. వాళ్లిద్దరూ ఆ గొంతుకు దారి ఇస్తూ వాయించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాకు భయం వేయలేదు. పేజీ తిప్పడం మాత్రం ఒకసారి మరిచిపోయాను.

ఆ భాగం అయ్యాక ఆ గొంతు మళ్లీ రాలేదు. కచేరీ ముగియగానే వెళ్లి సెల్లో తీగలు తాకి చూశాను. వేలాడేంత వదులుగా ఉన్నాయి. హాలు నిండిపోయి వరండాలో కూర్చున్న ఆసుపత్రి నర్సమ్మ, కాళహస్తి ఆవిడ, లోపల ఏం జరిగిందో కనబడక, దానియేలు చెయ్యి అంత తొందరగా ఎట్లా నయమైందని నన్ను అడిగింది.

దొరసాని దానియేలు ముందు నిలబడి, తనకు వచ్చిన తెలుగులో, ఈ రోజు చాలా బాగా వాయించారని చెప్పింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదమ్మా. మీ మాదిరే నేనూ ఇన్నాను. నాకంత బాగా యాడొస్తాది?"

అది నిజం. ఏడాదిపాటు అతని సాధన విన్నదాన్ని. ఆ రోజు విన్నది దానియేలు చెయ్యి కాదు. మరి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.